డిస్కు నిండలేదు, లెక్క నిండింది
(పాత హోమ్ కంప్యూటర్ల డిస్క్ లిమిట్ల గురించి చేసిన ప్రసంగం, మాట్లాడింది మాట్లాడినట్టు)

అందరికీ నమస్కారం. టైమ్ తక్కువుంది, డైరెక్ట్‌గా విషయంలోకి వెళ్ళిపోతాను. 1987 అనుకోండి. ఒకాయన తన పీసీకి 40 ఎంబీ హార్డ్ డిస్క్ కొన్నాడు, అప్పటికి అది పెద్ద డిస్కే, డబ్బులు కూడా గట్టిగానే అయ్యుంటాయి. తెచ్చి డాస్ 3.3, అంటే విండోస్‌కి ముందు పీసీల్ని నడిపిన ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్కించి చూస్తే సీ డ్రైవ్ 32 ఎంబీ దగ్గర ఆగిపోయింది, మిగతా 8 ఎంబీ కావాలంటే డీ అని ఇంకో డ్రైవ్ చేసుకోవాలి. అంతకుముందు 3.2 వాడేవాడైతే ఆ డీ కూడా లేదు, ఆ 8 ఎంబీని డాస్ మామూలుగా ముట్టుకోనే ముట్టుకోదు. డిస్కు బానే ఉంది, కేబుల్ బానే ఉంది, మరి ఎవడు ఆపాడు?

ఆపింది రెండు బైట్లండి. సీ, డీ లాంటి ఒక్కో ముక్కని పార్టిషన్ అంటాం, డిస్కు ఒకసారికి చదివే చిన్న ముక్కని సెక్టార్ అంటాం. ప్రతి డాస్ పార్టిషన్‌లో మొదటి సెక్టార్‌ని బూట్ సెక్టార్ అంటాం కదా, అందులో ఈ పార్టిషన్‌లో మొత్తం ఎన్ని సెక్టార్లు ఉన్నాయో రాసుకునే ఒక గడి ఉంటుంది. ఆ గడి సైజు రెండు బైట్లు, అంటే 16 బిట్లు, అంటే 65,535 దాటి రాయలేం. సెక్టార్‌కి 512 బైట్లు. గుణించుకోండి, 32 ఎంబీ. అంతే కథ. ఇందులో తమాషా ఏంటంటే 1984లో డాస్ 3.0తో ఫ్యాట్16, అంటే ఏ ఫైలు డిస్కు మీద ఎక్కడుందో 16 బిట్ల నంబర్లతో రాసుకునే పట్టిక, అప్పటికే వచ్చేసింది, 20 ఎంబీ డిస్కు మీద దాని క్లస్టర్, అంటే ఫైళ్ళకి చోటు పంచే ముక్క, 2 కేబీ, ఫ్యాట్ ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటే 128 ఎంబీ వరకు పోవాలి. ఫ్యాట్ రెడీగా ఉంది కానీ పక్కన ఉన్న గడి రెడీగా లేదు. ఇవాళ నేను చెప్పబోయే లిమిట్లన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి, ఎన్నో గడులుంటాయి, వాటన్నిట్లోకి ఇరుకైనది ఏదో దానిదే రాజ్యం.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం, బీబీసీ మైక్రో దగ్గరికి. ఇంగ్లాండ్‌లో ఏకార్న్ కంపెనీ చేసిన మెషీన్. మనకి కూడా సంబంధం ఉంది, 1984లో మన కేంద్ర ప్రభుత్వం స్కూళ్ళలో కంప్యూటర్లు నేర్పించాలని క్లాస్ అనే ప్రాజెక్ట్ మొదలుపెట్టినప్పుడు తెప్పించినవి ఇవే. దీని డిస్క్ సిస్టమ్ పేరు డీఎఫ్ఎస్. డీఎఫ్ఎస్ డిస్కు మీద ఎంత ఖాళీ ఉన్నా సరే 31 ఫైళ్ళే. 32వది సేవ్ చేస్తే కేటలాగ్ నిండిపోయింది అని ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. 31 ఏంటండీ, ఈ నంబర్ ఎవరికైనా ఎలా తడుతుంది అనిపిస్తుంది కదా.

చూద్దాం. డిస్కు మొదట్లో రెండు సెక్టార్లు కేటలాగ్‌కి ఇచ్చారు, ఒక్కోటి 256 బైట్లు. మొదటి సెక్టార్‌లో పేర్లు, రెండో సెక్టార్‌లో వివరాలు. పేరు 7 అక్షరాలు, డైరెక్టరీ అని ఒక అక్షరం, మొత్తం 8 బైట్లు. రెండో సెక్టార్‌లో కూడా ఫైలుకి 8 బైట్లే, మెమరీలో ఎక్కడ లోడ్ అవ్వాలి, ఎక్కడ్నుంచి రన్ అవ్వాలి, పొడవెంత, డిస్కు మీద ఎక్కడ మొదలవుతుంది, ఇవన్నీ ఆ 8 బైట్లలో సర్దాలి. సరిపోవు. అందుకని ఏం చేశారంటే ఒక బైట్ పక్కన పెట్టి, దాంట్లో రెండేసి బిట్లు చొప్పున అందరికీ పంచిపెట్టారు, లోడ్ అడ్రస్‌కి రెండు, రన్ అడ్రస్‌కి రెండు, పొడవుకి రెండు, మొదలయ్యే సెక్టార్‌కి రెండు. ఈ పంపకం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అలా సెక్టార్ నంబర్‌కి 8 ప్లస్ 2, పది బిట్లు వచ్చాయి, 1,024 సెక్టార్లు, 256 కేబీ. డిస్కు ఒక పక్క 80 ట్రాకులు, ట్రాక్‌కి 10 సెక్టార్లు, 200 కేబీ. ఇమిడిపోయింది. ఇక ప్రతి సెక్టార్‌లో మొదటి 8 బైట్లు డిస్కు టైటిల్‌కీ ఇతర లెక్కలకీ పోతే మిగిలేది 248, దాన్ని 8తో భాగిస్తే 31.

సరే, ఇంకో రెండు సెక్టార్లు ఇస్తే పోయేదేముంది అంటారా. డిస్కు మీద పోయేదేం లేదు, మెమరీలో పోతుంది. మోడల్ బీలో మొత్తం ర్యామ్ 32 కేబీ, స్క్రీన్‌కి కూడా అందులోంచే. డీఎఫ్ఎస్ పెట్టుకున్నందుకే మీ బేసిక్ ప్రోగ్రామ్‌కి ఉండే చోటులో 2,816 బైట్లు లాగేసుకుంటుంది, ఆ లాక్కున్న చోటులోనే ఈ కేటలాగ్ కాపీ కూడా కూర్చుంటుంది. టేపు నుంచి చక్కగా నడిచే గేమ్ డిస్క్ ఇంటర్‌ఫేస్ పెట్టగానే మెమరీ చాలక నడవకపోవడం వాళ్ళకి రోజూ ఉండే గోల. అలాంటప్పుడు ఇంకో అర కేబీ అడిగితే యూజరే తంతాడు.

డాస్ కన్నా ముందొచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ సీపీ/ఎం గురించి ఎక్కువ చెప్పను, లెక్క ఒకటి చెప్పి వదిలేస్తాను. 1979లో వచ్చిన 2.2 వెర్షన్‌లో డ్రైవ్‌కి 8 ఎంబీ లిమిట్. డాస్‌లో ఉన్న 65,536 ఇక్కడా ఉంది, కాకపోతే సీపీ/ఎం లెక్కపెట్టేది 128 బైట్ల రికార్డుల్లో, ఎందుకంటే అది పుట్టిన 8 అంగుళాల ఫ్లాపీ సెక్టార్ సైజు అది. ఫ్లాపీలు మారాయి, సెక్టార్లు పెద్దవయ్యాయి, 128 మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒక్క నిమిషం, అక్కడ ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి.

(ప్రశ్న: సార్, డాస్‌లో మొదట్లోనే నాలుగు బైట్లు పెట్టేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదా? కొంచెం కూడా ముందుచూపు లేదా వాళ్ళకి?)

బాగుంది, ఈ మాట చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. 1981లో మొదటి డాస్ కోసం ఉన్న డిస్కు ఏంటో చూడండి, 160 కేబీ ఫ్లాపీ, మొత్తం 320 సెక్టార్లు. బూట్‌కి ఒకటి, ఫ్యాట్ రెండు కాపీలు, డైరెక్టరీకి నాలుగు, పోగా 313 మిగిలాయి. ఫ్యాట్ అంటే ఈ 313 క్లస్టర్లలో ఏది ఎవరిది, దాని తర్వాతది ఏది అని రాసుకునే పట్టిక. ఒక్కో ఎంట్రీకి 12 బిట్లు, అంటే బైటున్నర. మొదట్లో రెండు రిజర్వ్ ఎంట్రీలు కలిపితే 315 ఇంటూ ఒకటిన్నర, 473 బైట్లు. సెక్టార్ 512. మొత్తం పట్టిక ఒక్క సెక్టార్‌లో కూర్చుంది! అదే 16 బిట్లు పెట్టి ఉంటే 630 బైట్లు, రెండు సెక్టార్లు కావాలి, రెండు కాపీలకి నాలుగు, పైగా డాస్ ఆ పట్టికని మెమరీలో పెట్టుకుని తిరుగుతుంది. ఐబీఎం పీసీ బేస్ మోడల్ 16 కేబీ ర్యామ్‌తో అమ్మారండి బాబూ. ఆ రోజు ఆ నిర్ణయం తీసుకున్నవాడు తెలివైనవాడే, వాడి ముందున్న డిస్కుకి సరిగ్గా కొలిచి కుట్టాడు. రెండేళ్ళు తిరక్కుండానే 1983లో ఐబీఎం తర్వాతి మోడల్ ఎక్స్‌టీతో 10 ఎంబీ డిస్కు వస్తుందని వాడికి కల రావాలా?

నా కంప్లైంట్ లిమిట్ పెట్టినవాళ్ళ మీద కాదు. లిమిట్ దాటినప్పుడు ఏం జరుగుతుంది అన్నదాని మీద. ఆగిపోయి కుదరదు అని చెప్పే లిమిట్ ఒక రకం, డీఎఫ్ఎస్ లాగా. ఏం చెప్పకుండా పని అయినట్టే నటించేది ఇంకో రకం. రెండోదాని దగ్గరికి వస్తాను, ముందు ఈ డాస్ కథ పూర్తి చేయనివ్వండి.

32 ఎంబీ గోడ మొదట పగలగొట్టింది మైక్రోసాఫ్ట్ కాదు, కాంపాక్. 1987లో వాళ్ళ డాస్ 3.31లో సెక్టార్ల గడిని నాలుగు బైట్లు చేశారు. మరుసటి ఏడు డాస్ 4.0లో అందరికీ వచ్చింది. వచ్చింది గానీ డాస్ 4కి బగ్గులెక్కువ, మెమరీ ఎక్కువ తినేస్తుంది అని పేరొచ్చి చాలామంది 1991లో డాస్ 5 వచ్చేదాకా 3.3 మీదే కూర్చున్నారు. పైగా గడి పెద్దది చేస్తే సరిపోదు కదా, డిస్కుని నేరుగా చదివే పాత యుటిలిటీలన్నీ సెక్టార్ నంబర్‌ని 16 బిట్ల రిజిస్టర్‌లో పెట్టి పంపించేవి, అవన్నీ పెద్ద పార్టిషన్ మీద పనికిరాకుండా పోయాయి. ఇంకా పాత పద్ధతిలో ఫైళ్ళు తెరిచే ప్రోగ్రాములు ఉన్నాయి, వాటి కోసం డాస్ 4లో పెద్ద పార్టిషన్ పెట్టుకుంటే షేర్ అనే ప్రోగ్రామ్ లోడ్ చేసుకోండి అని బూట్ అయ్యేటప్పుడు వార్నింగ్ వచ్చేది. చాలామందికి అది చిరాకు. నాకైతే అది చాలా మర్యాదగల వార్నింగ్ అనిపిస్తుంది, ఇక్కడ ప్రమాదం ఉంది నాయనా అని ముందే చెప్తోంది.

తర్వాత గోడ 2 జీబీ. ఇది మనలో చాలామంది చూసిందే. ఫ్యాట్16లో నంబర్‌కి 16 బిట్లే, క్లస్టర్ల సంఖ్య 65 వేలు దాటదు, కాబట్టి డిస్కు పెరిగేకొద్దీ క్లస్టర్ సైజు పెంచుకుంటూ పోవాలి. 128 ఎంబీ దాటితే 4 కేబీ, 256 దాటితే 8, 512 దాటితే 16, 1 జీబీ దాటితే 32 కేబీ. అక్కడితో అయిపోయింది, ఇక డాస్ ఒప్పుకోదు, 65 వేలు ఇంటూ 32 కేబీ, 2 జీబీ. విండోస్ ఎన్‌టీలో 64 కేబీ పెట్టి 4 జీబీ దాకా లాగారు, అది వేరే సంగతి. ఇప్పుడు విండోస్ 95లో డెస్క్‌టాప్ మీద ఒక షార్ట్‌కట్ పెట్టారనుకోండి, అందులో ఉన్నది కొన్ని వందల బైట్లు, డిస్కు మీద అది తినేది 32 కేబీ. సగటున ఫైలుకి సగం క్లస్టర్ వేస్ట్ అనుకుంటే 10 వేల ఫైళ్ళకి 160 ఎంబీ గాలికి పోయినట్టు. అందుకే తెలిసినవాళ్ళు 2 జీబీ డిస్కుని 511 ఎంబీ ముక్కలు నాలుగు చేసేవాళ్ళు, 8 కేబీ క్లస్టర్ వస్తుందని. సికింద్రాబాద్ సీటీసీలో పీసీ అసెంబుల్ చేయించుకున్నవాళ్ళకి సీ, డీ, ఈ, ఎఫ్ అలవాటే కదా. ఇప్పటికీ కొత్త లాప్‌టాప్ కొనగానే సాఫ్ట్‌వేర్ సీలో, పాటలు డీలో, సినిమాలు ఈలో అని ముక్కలు చేయించేవాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు, నా ఉద్దేశంలో ఆ అలవాటుకి కొంత కారణం ఇదే. 1996లో విండోస్ 95 కొత్త వెర్షన్ ఓఎస్‌ఆర్2తో ఫ్యాట్32 వచ్చాక అసలు అవసరం పోయింది, అలవాటు పోలేదు.

బయోస్, అంటే పీసీ బోర్డు మీద చిప్‌లో ఉండి డాస్ తరఫున డిస్కుతో మాట్లాడే ప్రోగ్రామ్, దాని గోడ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇరుకు గడిదే రాజ్యం అన్నాను కదా, దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 504 ఎంబీ. అప్పట్లో డిస్కు మీద చోటుని సిలిండర్, హెడ్, సెక్టార్ అని మూడు నంబర్లతో చెప్పేవాళ్ళు. బయోస్‌లో సిలిండర్ నంబర్‌కి 10 బిట్లు, అంటే 1,024. హెడ్లకి 8 బిట్లు, 256. సెక్టార్‌కి 6 బిట్లు, అది ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి 63. ఇది ఒక్కటే చూసుకుంటే 8 జీబీ దాకా పోతుంది. అటుపక్క ఐడీఈ, అంటే పీసీకి డిస్కుని కలిపే పద్ధతి, అందులో సిలిండర్లకి 16 బిట్లు, 65,536, సెక్టార్లకి 255, కానీ హెడ్లకి నాలుగు బిట్లే, 16. అదొక్కటే చూసుకుంటే 100 జీబీ దాటుతుంది. రెండూ విడివిడిగా బ్రహ్మాండం. కలిపితే ఒక్కో గడిలో ఎవరిది తక్కువైతే వాళ్ళదే, 1,024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, 52,84,82,304 బైట్లు, కేబీకి 1,024 లెక్కన 504 ఎంబీ. ఇద్దరు ఘనుల్ని ఒకే గదిలో పెడితే వచ్చిన ఫలితం అన్నమాట.

దీనికి విరుగుడు అబద్ధం. సిలిండర్లు సగం చేసి హెడ్లు రెట్టింపు అని బయోస్ డాస్‌కి చెప్తుంది, డిస్కుకి మళ్ళీ తిప్పి చెప్తుంది. డిస్కులో ఉన్నవి నాలుగు హెడ్లో ఆరో, డాస్‌కి మాత్రం 128 అని చెప్తారు. అలా పెంచుకుంటూ 256 అని చెప్తే డాస్ పడిపోయేది, హెడ్ల సంఖ్యని ఒక్క బైట్‌లో పెట్టుకుంటుంది, 256 అంటే దానికి సున్నా. అందుకే 255 దగ్గర ఆపారు, డిస్కు కంపెనీల 1,000 లెక్కన 8.4 జీబీ గోడ అలా వచ్చింది. ఆ తర్వాత 33.8 జీబీ దగ్గర కొన్ని అవార్డ్ బయోస్‌లు డిస్కుని చూడగానే బిగుసుకుపోయేవి, దానికి డిస్కు కంపెనీలే వెనకాల ఒక జంపర్ ఇచ్చాయి, పెడితే డిస్కు నేను 32 జీబీనే అని చెప్తుంది. నాకు తెలిసిన ఒకాయన 40 జీబీ డిస్కు కొనుక్కుని చాలాకాలం 32 జీబీనే వాడాడు, షాపతను జంపర్ పెట్టాడని తెలీదు, ఈయన కంపెనీ వాళ్ళు మోసం చేశారని తిట్టుకుంటూ తిరిగేవాడు. [నవ్వులు]

ఇప్పుడు అసలు ప్రమాదకరమైనవాటికి వద్దాం. ఎమిగా. కమడోర్ కంపెనీ చేసిన ఈ హోమ్ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ డ్రైవర్‌కి ఫలానా చోట రాయి అని చెప్పేటప్పుడు ఆ చోటుని బైట్లలో చెప్తారు, 32 బిట్ల నంబర్‌లో. గమనించారా, సెక్టార్లలో కాదు, బైట్లలో. 32 బిట్లలో సెక్టార్లు లెక్కపెడితే 2 టీబీ దాకా పోవచ్చు, బైట్లు లెక్కపెడితే 4 జీబీతో అయిపోయింది. సరే, అయిపోతే అయిపోయింది, ఆపాలి కదా? ఆపదు. పాత స్కూటర్ మీటర్‌లో 99,999 కిలోమీటర్ల తర్వాత మళ్ళీ సున్నాలు వచ్చినట్టు, 4 జీబీ దాటిన అడ్రస్ తిరిగి మొదటికి వచ్చేస్తుంది, పై బిట్లు రాలిపోతాయి, కిందవి మిగులుతాయి. మీరు 8 జీబీ డిస్కు పెట్టి రెండు పార్టిషన్లు చేశారనుకోండి, రెండోది సరిగ్గా 4 జీబీ దగ్గర మొదలవుతుంది. దాన్ని ఫార్మాట్ చేస్తే ఆ రాసేదంతా డిస్కు మొదట్లోకి పోయి పడుతుంది. డిస్కు మొదట్లో ఏముంటుంది? మొత్తం పార్టిషన్ల వివరాలుండే రిజిడ్ డిస్క్ బ్లాక్ అక్కడే ఉంటుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, ఫార్మాట్ సక్సెస్. రీబూట్ చేశాక తెలుస్తుంది, తెలిసేసరికి ఏమీ లేదు.

కమడోర్ 1994 ఏప్రిల్‌లో మూతపడింది, ఇళ్ళల్లో అప్పటికి 4 జీబీ డిస్కు ఎక్కడ ఉంది, కాబట్టి వాళ్ళనీ తప్పుపట్టలేం. తర్వాత టీడీ64 అనీ ఎన్ఎస్‌డీ అనీ 64 బిట్ల పద్ధతులు, ప్యాచులు వచ్చాయి, 1999లో ఎమిగాఓఎస్ 3.5లో అధికారికంగా వచ్చింది. కంపెనీ చచ్చిపోయాక ఐదేళ్ళకి దాని లిమిట్ తీసేశారు.

ఇలాంటిదే పీసీలోనూ ఉంది, ఇది మరీ పాతది కూడా కాదు. ఐడీఈలో సెక్టార్ నంబర్‌కి 28 బిట్లు, 137 జీబీ. ఆ తర్వాత 48 బిట్లు వచ్చాయి, కానీ విండోస్ 98లో ఉన్న డ్రైవర్‌కి ఆ సంగతి తెలీదు, 160 జీబీ డిస్కు పెడితే 137 దాటాక రాసింది మొదటికి తిరిగొచ్చి ఫ్యాట్ మీదే పడుతుంది. ఎక్స్‌పీకి కూడా సర్వీస్ ప్యాక్ 1 దాకా ఈ జబ్బు ఉంది. నెలల తరబడి బాగానే నడుస్తుంది, డిస్కు 137 జీబీ నిండేదాకా. అప్పుడు వైరస్ అనుకుంటారు, డిస్కు పోయింది అనుకుంటారు, అదేదీ కాదు.

అన్ని తిరుగుళ్ళూ అంత ఘోరం కాదు లెండి. విండోస్ 98లో పార్టిషన్లు చేసే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రామ్ సైజుని ఎంబీల్లో 16 బిట్లలో పెట్టుకుంటుంది, 80 జీబీ డిస్కు, 1,024 లెక్కన 74 జీబీ చిల్లర, పెడితే దాంట్లోంచి 64 జీబీ తీసేసి 10 జీబీ చిల్లర అని చూపిస్తుంది. కొన్నవాడి గుండె ఆగిపోతుంది గానీ డేటా పోదు. పాత గేమ్ ఇన్‌స్టాలర్లు కూడా ఇంతే, 2 జీబీ కన్నా ఎక్కువ ఖాళీ ఉంటే ఆ నంబర్ మైనస్‌లోకి పోయి డిస్కులో చోటు లేదు అంటాయి. దీనికోసమే విండోస్ 95, 98 పాత ప్రోగ్రాములు పాత పద్ధతిలో డిస్కు సైజు ఎంత అని అడిగితే ఎంత పెద్ద డిస్కు ఉన్నా 2 జీబీ లోపే అని చెప్పేవి. ఆ అబద్ధం ఎవరు రాశారో గానీ, యూజర్లని బాగా ఎరిగిన మనిషి.

ఇంకో ప్రశ్న తీసుకుంటాను, ఆ వెనక మేడం.

(ప్రశ్న: మా నాన్నగారి పాత మెషీన్లు రెండున్నాయండి, ఒకటి 486, ఒకటి ఎమిగా 1200. హార్డ్ డిస్కులు పోయాయి. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డ్ పెడదామనుకుంటున్నాను. ఎంత సైజు కొనాలి?)

రెండూ ఉన్నాయా, అదృష్టవంతులు. 486కి డాస్ 6.22 అయితే 2 జీబీ కార్డ్ చాలు, బయోస్ పాతదైతే 504 ఎంబీ దగ్గర ఆగచ్చు, అప్పుడు ఎక్స్‌టీఐడీఈ అని ఒక ఉచిత బయోస్ ఉంది, నెట్‌వర్క్ కార్డ్ మీద ఉండే ఖాళీ రోమ్ సాకెట్‌లో చిప్ పెట్టి వాడేవాళ్ళున్నారు, అది పెట్టుకుంటే సరిపోతుంది. ఎమిగాలో కిక్‌స్టార్ట్ రోమ్, అంటే ఆన్ చేయగానే నడిచే సాఫ్ట్‌వేర్ ఉన్న చిప్, ఏ వెర్షనో ముందు చూడండి. 2018లో వచ్చిన 3.1.4 గానీ తర్వాతది గానీ అయితే పెద్ద కార్డ్ నడుస్తుంది. 3.0 గానీ 3.1 గానీ అయితే 4 జీబీ కార్డే కొనండి. ఈ రోజుల్లో అంత చిన్నవి దొరకడం కష్టం, దొరక్కపోతే 16 జీబీ కొనుక్కోండి గానీ పార్టిషన్లన్నీ మొదటి 4 జీబీ లోపలే చేసి మిగతాది ఖాళీగా వదిలేయండి. వేస్ట్ అవుతోందని మనసు పీకుతుంది, పీకనివ్వండి.

అయినా అనుమానంగా ఉంటే డేటా ఏమీ పెట్టకముందే ఒక పని చేయండి. మొదటి పార్టిషన్‌లో ఏదైనా పెద్ద ఫైల్ ఒకటి పెట్టి, చివరి పార్టిషన్‌ని అంచుదాకా ఏదో ఒకటి కాపీ చేసి నింపేసి, మెషీన్ ఆపి మళ్ళీ ఆన్ చేసి, ఆ మొదటి ఫైల్‌ని ఒరిజినల్‌తో పోల్చి చూడండి. తేడా లేకపోతే వాడుకోండి. పార్టిషనే కనిపించకపోతే కార్డ్ పోయిందని కంగారుపడి పారేయకండి, దానికేం కాలేదు, మళ్ళీ మొదట్నుంచి పార్టిషన్ చేసుకుని ఈసారి 4 జీబీకి కొంచెం ముందే ఆపేయండి.